అడగకుండా మిగిలిపోయిన క్షమాపణ

యూదుల పంచాంగంలో తిష్రీ నెల పదియవ దినము యోమ్ కిప్పూర్, అనగా ప్రాయశ్చిత్త దినము. ఆ రోజు వారు ఉపవాసముండి దేవుని క్షమాపణ వేడుకుంటారు. అయితే క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చబడిన మిష్నా అనే ధర్మబోధల గ్రంథం ఒక విషయం స్పష్టం చేసింది. దేవుని యెడల చేసిన పాపానికి ఆ దినము ప్రాయశ్చిత్తం కలిగిస్తుంది. తోటి మనిషికి చేసిన అన్యాయానికైతే, ముందు వెళ్లి అతనితో సమాధానపడాలి. అందుకే పండుగకు ముందు చాలామంది యూదులు తమవారిని కలిసి క్షమించమని అడుగుతారు.

ఎలా అడగాలి?

12వ శతాబ్దంలో ఈజిప్టులో వైద్యునిగా కూడా పనిచేసిన యూదు పండితుడు మైమోనిడీస్ ఈ పద్ధతిని వివరించాడు.

1. నష్టపరిస్తే ముందు దాన్ని తీర్చాలి. సొమ్ము తిరిగి ఇచ్చినంత మాత్రాన సరిపోదు, క్షమాపణ కూడా అడగాలి.

2. అవతలివారు ఒప్పుకోకపోతే ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకొని వెళ్లాలి. ఇలా మూడుసార్లు అడిగినా కాదంటే, ఇక దోషం క్షమించనివారిదే.

3. బాధపడినవారు చనిపోయి ఉంటే, పదిమందిని తీసుకొని సమాధి దగ్గరికి వెళ్లి తప్పు ఒప్పుకోవాలి.

4. అదే పరిస్థితి మళ్లీ వచ్చినప్పుడు అదే తప్పు చేయకపోవడమే నిజమైన మార్పు.

యోసేపు కుటుంబం

యోసేపును అమ్మేద్దామన్న యూదాయే, తర్వాత బెన్యామీనుకు బదులు తాను దాసుడుగా ఉంటానన్నాడు (ఆదికాండము 44). ఆ మార్పు చూసి యోసేపు ఏడ్చి, తానెవరో చెప్పాడు. అయితే అన్నలు అప్పుడు క్షమించమని అడిగినట్టు మనకు కనబడదు. ఆ తర్వాత యాకోబు ఐగుప్తులో 17 సంవత్సరాలు బ్రతికాడు. తండ్రి చనిపోగానే అన్నలకు భయం పట్టుకుంది: ఇప్పుడు పగ తీర్చుకుంటాడేమో! అప్పుడు గాని వారు క్షమించమని కబురు పంపలేదు (50వ అధ్యాయం). అది విని యోసేపు మళ్లీ ఏడ్చాడు.

అన్నేళ్లు ఒకే దేశంలో కలిసి బ్రతికినా, నోరు తెరిచి అడగనందువల్ల భయం లోపలే ఉండిపోయింది. మన ఇళ్లలోనూ పెద్దవారు మంచాన పడినప్పుడు అందరూ వస్తారు, పాత గొడవ మాత్రం ఎవరూ ఎత్తరు. వారు మాట వినగలిగి ఉండగానే మాట్లాడుకుందాం.

ఒక హెచ్చరిక: కొట్టడం, తిట్టడం ఇంకా సాగుతున్న ఇంట్లో, ఓర్చుకోమని బాధితులను ఒత్తిడి చేయకూడదు. ముందు ఆ తప్పు ఆగాలి, వారికి రక్షణ దొరకాలి.

ఆలోచించుకుందాం: మనం ఎవరి దగ్గరికి వెళ్లవలసి ఉంది? మన దగ్గరికి వచ్చినవారిని ఎన్నిసార్లు తిప్పి పంపాం?