మట్టెవాడకు ఎన్ని బైట్లు?

జీఐఎస్ అనగానే మనలో చాలామందికి స్క్రీన్ మీద రంగురంగుల మ్యాపే గుర్తొస్తుంది. ఆ మ్యాప్ వెనక ఒక టేబుల్ ఉంటుంది, అసలు కథంతా అందులోనే నడుస్తుంది. మన మట్టెవాడనే ఉదాహరణగా పెట్టుకుని ఆ టేబుల్ సంగతి చెప్తాను. డీబీఎంఎస్ పేపర్ రాసినవాళ్లకు ఇది ఇంకా తేలిక.

మ్యాప్‌లో వీధిని గీతలా, ఇంటిని బహుభుజిలా, గుడిని చుక్కలా గీస్తాం. భోగేశ్వరాలయాన్ని చుక్కగా పెట్టామనుకోండి. ఆ చుక్కకు తెలిసింది అక్షాంశం, రేఖాంశం అంతే. అది గుడో బడో, దాని పేరేంటో, ఏ వార్డులో ఉందో చెప్పేది టేబుల్‌లో దానికి కేటాయించిన వరుస. ఆ వరుసలోని వివరాలనే అట్రిబ్యూట్లు అంటారు.

ల్యాబుల్లో ఇప్పటికీ ఎక్కువగా కనబడేది షేప్‌ఫైల్. 1990ల మొదట్లో ఎస్రి సంస్థ తెచ్చిన పద్ధతి. పేరుకు ఒక ఫైలే గానీ నిజానికి కనీసం మూడు: ఎస్‌హెచ్‌పీలో ఆకారాలు, ఎస్‌హెచ్‌ఎక్స్‌లో వాటి సూచిక, డీబీఎఫ్‌లో అట్రిబ్యూట్ టేబుల్. పదో ఆకారానికి పదో వరుస. రెండింటినీ కలిపి ఉంచేది ఆ క్రమం ఒక్కటే. అందుకే డీబీఎఫ్‌ను విడిగా తెరిచి పేర్లను అక్షర క్రమంలో సర్ది సేవ్ చేస్తే, గుడి పేరు పోయి పక్కనున్న కిరాణా కొట్టుకు తగులుకుంటుంది. ఎర్రర్ మెసేజ్ ఏదీ రాదు.

డీబీఎఫ్ అనేది 1980ల నాటి డీబేస్ సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చింది. అందులో కాలమ్ పేరుకు 10 బైట్లు, టెక్స్ట్ గడికి గరిష్ఠంగా 254 బైట్లు. ఇంగ్లిష్ వాళ్లకు ఇది చిన్న ఇబ్బంది. మనకు మాత్రం పెద్దదే. మట్టెవాడ అంటే మన ఛందస్సు లెక్కలో నాలుగక్షరాలు: గురువు, లఘువు, గురువు, లఘువు. రెండు హగణాలు, హాయిగా ఉంది. యూనికోడ్ లెక్క వేరు: మ, ట, పొల్లు, ట, ఎత్వం, వ, దీర్ఘం, డ అని మొత్తం ఎనిమిది సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, అంటే ఊరి పేరుకు 24. గడి వెడల్పు 20 బైట్లే ఇచ్చారా, ‘మట్టెవ’ దగ్గర పేరు తెగుతుంది. కాలమ్ పేర్ల గతి ఇంకా అధ్వానం. ‘ఇంటినంబరు’, ‘ఇంటిపన్ను’ అని రెండు కాలమ్‌లు పెడితే రెండూ ‘ఇంట’ దగ్గరే ఆగిపోతాయి. తెలుగు పేర్లు మ్యాపుల్లోకి ఎందుకు రావట్లేదని అడిగేవాళ్లకు ఇదీ ఒక జవాబు.

దీనికి మందు ఉంది. 2014లో ఓజీసీ ప్రమాణంగా వచ్చిన జియోప్యాకేజీ లోపల ఉన్నది ఎస్‌క్యూలైట్ డేటాబేస్. ఆకారం కూడా అదే వరుసలో ఒక కాలమ్‌గా కూర్చుంటుంది కాబట్టి వరుసలు తారుమారయ్యే భయం లేదు, తెలుగు పేరు తెగే భయమూ లేదు. పోస్ట్‌జీఐఎస్‌లోనూ ఇదే పద్ధతి. క్యూజీఐఎస్‌లో ఫైల్ సేవ్ చేసేటప్పుడు ఫార్మాట్ మారిస్తే చాలు.

కాలమ్ రకం గురించి ఒక్క మాట. డోర్ నంబరు 11-2-15 అని ఉంటే దాన్ని టెక్స్ట్‌గానే ఉంచాలి. స్ప్రెడ్‌షీట్‌కు వదిలేస్తే అది ఇల్లు కాస్తా తేదీ అయిపోతుంది.

ఇక జాయిన్. బయటినుంచి తెచ్చిన జనాభా లెక్కల్ని మ్యాప్‌కు కలపాలంటే రెండు టేబుళ్లకూ ఉమ్మడి కాలమ్ ఒకటి కావాలి. పేరుతో కలిపేద్దాం అనిపిస్తుంది. కానీ మట్టెవాడను మట్వాడ అని కూడా రాస్తారు, కంప్యూటర్‌కు అవి రెండు ఊళ్లు. పేరు కలవకపోతే కనీసం గడి ఖాళీగా ఉండి అనుమానం వస్తుంది. పేరు కలిసినా లెక్క తప్పే చోటు మన జిల్లాయే! 2011 జనగణనలో వరంగల్ జిల్లా జనాభా 35,12,576, కోడ్ 540. 2016 అక్టోబరు 11న ఆ జిల్లాను విడగొట్టారు, మట్టెవాడ వరంగల్ అర్బన్‌లోకి వెళ్లింది. 2021 ఆగస్టులో అర్బన్ పేరు హనుమకొండ, రూరల్ పేరు వరంగల్ అయ్యాయి. వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు ఈ కొత్త వరంగల్‌లో చేరాయి. మట్టెవాడ అంగుళం కూడా కదలకుండానే మూడు జిల్లాలు చూసింది. ఇప్పుడు ‘వరంగల్’ అనే పేరుతో జాయిన్ చేస్తే పాత జిల్లా 35 లక్షల మందీ వచ్చి ఇప్పటి చిన్న జిల్లాలో పడతారు. సాఫ్ట్‌వేర్ మాత్రం జాయిన్ బ్రహ్మాండంగా కుదిరిందనే అంటుంది. అందుకే పేరు చూపించడానికి, కోడ్ కలపడానికి. పక్కన ఆ లెక్క ఏ సంవత్సరానిదో చెప్పే కాలమ్ కూడా ఉండాలి.

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది. 2020 ఆగస్టు వానలకు మన నగరంలో కాలనీలు మునిగాయి. వీధి వీధికీ నీటి లోతు రాసే టేబుల్ తయారు చేస్తున్నామనుకోండి. 0 అంటే అక్కడ కొలిచారు, నీళ్లు రాలేదు. నల్ అంటే అక్కడికి ఎవరూ వెళ్లలేదు. ఈ రెండూ ఒకటి కావు. డీబీఎఫ్‌లో నల్‌కు సరైన చోటు లేదు, కొన్ని సాఫ్ట్‌వేర్లు సేవ్ చేసేటప్పుడు దాన్ని 0 చేసేస్తాయి. అప్పుడు సర్వే వాళ్లు అడుగుపెట్టని సందు కూడా మ్యాప్‌లో లేత రంగుతో, ఏ ముప్పూ లేనట్టు కనబడుతుంది. ఆ మ్యాప్ చూసి పడవలు, మోటార్లు పంపేవాళ్లు ఆ సందును వదిలేస్తారు. కాబట్టి నల్ గడులున్న వీధుల్ని వేరుగా ఎంచి బూడిద రంగు ఇవ్వండి, లెజెండ్‌లో ‘సర్వే జరగలేదు’ అని రాయండి. తెలుగులోనే రాయండి, జియోప్యాకేజీలో పూర్తిగా పడుతుంది.