సందేహాలు – సమాధానాలు: కార్డు మారింది, డబ్బు పోయింది

సందేహం: వేట నిషేధ భృతి పడిందని ఏటీఎంకి వెళ్లాను. డబ్బు రాకపోతే పక్కనున్న కుర్రాడు సాయం చేస్తానని కార్డు తీసుకుని, పిన్ను నా చేతే కొట్టించాడు. ఇంటికొచ్చేసరికి మూడు మెసేజీలు. చూస్తే చేతిలో ఉన్నది వేరేవాళ్ల కార్డు. సిగ్గేసి ఇంట్లో కూడా చెప్పలేదు. ఏం చెయ్యాలి?
– ఓ మత్స్యకారుడు, గిలకలదిండి

సమాధానం: ముందు ఆ సిగ్గు వదిలెయ్యండి. తప్పు మోసగాడిది. వెంటనే బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు ఆపించండి, ఫిర్యాదు నంబరు, సమయం రాసుకోండి. పిన్ను మీరే కొట్టారు కాబట్టి ఫిర్యాదుకు ముందు పోయిన సొమ్మును బ్యాంకు మీ నిర్లక్ష్యం కింద జమకట్టవచ్చు. ఫిర్యాదు తర్వాత పోయింది మాత్రం బ్యాంకే భరించాలి. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ఇదే చెప్పింది. ఆపైన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి చెప్పండి. వేరే ఖాతాకు మళ్లించిన సొమ్మయితే అక్కడే నిలిపేసే వీలుంది. ఏటీఎం కెమెరా దృశ్యాలు భద్రపరచమని బ్యాంకుకు రాసివ్వండి. మీ చేతిలోని కార్డు పారేయకండి. అది బహుశా మీకంటే ముందు మోసపోయిన మనిషిది, పోలీసులకు సాక్ష్యం.

సందేహం: నాకు కార్డే లేదు, ఓటీపీ రాలేదు. అయినా ఆధార్ వేలిముద్రతో డబ్బు తీశారని బ్యాంకులో చెప్పారు. ఎలా?
– ఓ సోదరి, నాగాయలంక

సమాధానం: ఆధార్ చెల్లింపుకు కార్డు, పిన్ను అక్కర్లేదు, ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. భూమి దస్తావేజుల మీది వేలిముద్రలకు నకళ్లు తయారుచేసి డబ్బు కాజేసిన ముఠాను 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. ఇందులో మీ పొరపాటు, బ్యాంకు లోపం రెండూ లేకపోతే, మెసేజీ వచ్చాక మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెప్పినవారికి పూర్తి రక్షణ ఉంది. తప్పు మీదేనని నిరూపించాల్సింది బ్యాంకే. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ తాళం వేసుకోండి. రేషనుకూ పింఛనుకూ వేలు పెట్టే ముందు ఆ తాళం తీయాలి, మరిచిపోకండి.

పాఠకులకు ఒక్క మాట: ప్యాస్‌బుక్ అట్ట మీద బ్యాంకు నంబరు, 1930 ఈరోజే రాసుకోండి. మగవాళ్లు వేటకెళ్లినప్పుడు ఫిర్యాదు చెయ్యాల్సింది ఒడ్డునున్నవాళ్లే. ఆ పుస్తకం ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి.