ముప్పై సెకన్ల కూత

జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి దిగిపోయాను. నా దగ్గర కబడ్డీ నేర్చుకున్న కుర్రాడొకడు ఇప్పుడేదో కంపెనీలో మేనేజరట. మొన్న పండక్కి ఊరొచ్చి, "మాస్టారూ, నా కింద పన్నెండుమంది ఉన్నారు. ఎలా నడపాలో నాలుగు ముక్కలు రాసివ్వండి" అన్నాడు. కబడ్డీ జట్టులోనూ పన్నెండుమందే కదా అనుకుని కూర్చున్నాను.

1. సగం ఆటకి రెండు టైమౌట్లు, ఒక్కోటి ముప్పై సెకన్లు. కొత్తలో నేను ఆ కాస్త వ్యవధిలోనే బరిలో ఉన్న ఏడుగురికీ ఏడు తప్పులు ఏకరువు పెట్టేవాణ్ణి. పిల్లలు బుద్ధిగా తలలూపి, వెళ్లి ఎనిమిదో తప్పు చేసేవారు. ఒకసారి మండల పోటీల్లో గొంతు పోయి మాట రాలేదు. "వాడు బోనస్‌కి ఎడమకాలే చాపుతున్నాడ్రా" అని మాత్రం గొణిగి మంచినీళ్లిచ్చాను. రెండు కూతలు తిరక్కుండానే మా కార్నర్ వాడు ఆ కాలు పట్టేశాడు. జలుబు నేర్పిన పాఠం!

2. కబడ్డీ నిబంధనల్లో నాకు బాగా నచ్చినదొకటుంది. కూతకెళ్లినవాణ్ణి వాడి జట్టువాళ్లే "వెనక చూసుకోరా" అని హెచ్చరిస్తే అవతలి జట్టుకి ఒక పాయింటు. మధ్యగీత దాటేదాకా ఎంతైనా చెప్పుకోండి, దాటాక ఆట వాడిది. పని అప్పజెప్పాక గంటకోసారి ఫోన్ చేసే ఆఫీసర్లకి కూడా ఇలా పాయింట్లు కోస్తే బాగుండును. మా వాడికిది ముఖ్యంగా రాస్తున్నాను, వాడి ఫోన్ చూశాను కనక.

3. పట్టు పట్టేటప్పుడు చేతులు కలిపి నిలబడతారు చూడండి, అక్కడ మాటల్లేవు. వేళ్లు నొక్కితే "ఆగు", వదిలితే "దూకు". మా పిల్లలకి ఇది రావడానికి ఒక ఎండాకాలం పట్టింది. ఎంత బలమున్నవాడైనా పక్కవాడికి తెలియకుండా ఒక్కడే దూకితే, రైడరు వాణ్ణి ఈడ్చుకుంటూ గీత చేరతాడు. మిగిలినవాళ్లు చూస్తుండిపోతారు.

4. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో మన ఆడపిల్లల్ని ఫైనల్లో 27-24తో ఓడించింది ఇరాన్. ఆ ఇరాన్ జట్టుకి శిక్షకురాలు నాసిక్‌కి చెందిన శైలజా జైన్. ఆ రోజు బాధపడ్డాను. తర్వాత ఆలోచిస్తే, పరాయి భాషవాళ్లకి అంత నేర్పగలిగిందంటే ఆవిడ ఎంత విప్పి చెప్పి ఉండాలి! మన భాషలోనే చెప్పి కూడా మనం సగం దాచుకుంటాం.

5. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆగాను. మా జట్టులో ఒక చురుకైన రైడరుండేవాడు. జిల్లా సెమీస్‌లో, రెండు ఖాళీ కూతల తర్వాత తప్పనిసరిగా పాయింటు తేవలసిన మూడో కూతలో దొరికిపోయాడు. ఆట పోయింది. వాళ్ల నాన్న, ఊరి పెద్దలు అందరూ ఉండగానే నోటికొచ్చినట్టు తిట్టాను. మర్నాటి నుంచి గ్రౌండుకి రాలేదు. వారం చూసి నేనే వెళ్లాను. పొలంలో వరికుప్ప వేస్తున్నాడు. "తప్పు నాదిరా" అన్నాను. వాడేమీ అనకుండా చేతులు దులుపుకుని నా సైకిలెక్కాడు.

నాలుగు గోడల మధ్య తిట్టి, నలుగురిలో మెచ్చుకోవాలని ఆ తర్వాత తెలుసుకున్నాను. కానీ ఆ ఏడాదంతా వాణ్ణి ఎప్పుడు కూతకి పంపినా, మధ్యగీత దాటగానే ఒక్కసారి వెనక్కి తిరిగి నా మొహం చూసేవాడు. కూతకున్నది ముప్పై సెకన్లే. అందులో రెండు నాకోసం పోయేవి.