రాజు మంచోడా, చెడ్డోడా?



నిజాం రాజు పేరు మీరు వినే ఉంటారు. నలుగురు కూడిన చోట ఆయన గురించి రెండు రకాల మాటలు వినబడతాయి. "చెరువులు కట్టించిండు, దవాఖానా కట్టించిండు, మంచి రాజు" అని ఒకరంటారు. "ఆయన రాజ్యంలో వెట్టి చేసి చేసి మన పెద్దల నడుములు విరిగినయి" అని ఇంకొకరంటారు. ఎవరి మాట నిజం? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఎవరీ రాజు?

ఆయన పేరు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఏడవ నిజాం. 1911లో గద్దెనెక్కిండు. 1948 దాకా, అంటే 37 సంవత్సరాలు రాజ్యం ఏలిండు. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఆయన రాజ్యంలోనివే. ప్రపంచంలోనే గొప్ప ధనవంతుడని ఆయనకు పేరు. 1947లో ఇంగ్లండు రాకుమారి ఎలిజబెత్ పెళ్లికి వజ్రాల హారం కానుక పంపిండు.

ఆయన చేసిన మంచి

1908లో మూసీ నదికి వరద వచ్చి హైదరాబాదులో వేల మంది చనిపోయారు. మళ్లీ అట్లాంటి వరద రాకుండా ఆయన కాలంలో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. మంజీర నది మీద నిజాంసాగర్ కట్టారు. ఆ నీళ్లు నేటికీ నిజామాబాదు వైపు పొలాలకు పారుతున్నాయి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలయింది. పెద్ద దవాఖానా, హైకోర్టు కూడా ఆ కాలంలోనే కట్టారు. ఇవన్నీ నిజం. కాదనకూడదు.

పల్లెల్లో ఏం జరిగింది?

పల్లెల్లో రాజు కనబడడు. దొర కనబడతాడు. దేశ్‌ముఖులు, జాగీర్దార్లు, పటేళ్లు, పట్వారీలు ఊళ్లను ఏలేవారు. దొర ఉండే ఇల్లు గడి. గడిలో పనికి కూలి లేదు. దాన్నే వెట్టి అన్నారు.

చాకలి బట్టలు ఉతకాలె. కుమ్మరి కుండలు ఇయ్యాలె. మాదిగ చెప్పులు కుట్టియ్యాలె. గౌండ్ల కల్లు పొయ్యాలె. ఆడవాళ్లు వడ్లు దంచాలె, పిండి విసరాలె. పసిపిల్ల తల్లి అయినా పిలిస్తే పోవాల్సిందే. దొర బిడ్డ పెళ్లయితే, ఆమె వెంట ఒక పేదింటి ఆడపిల్లను కూడా పంపేవారు. ఆ పిల్లను ఆడబాప అనేవారు. ఆ పిల్ల బతుకంతా గడిలోనే తెల్లారేది.

ఒక్క మాట గుర్తు పెట్టుకుందాం. రాజు ముస్లిం. ఊళ్లలో దొరలు ఎక్కువగా హిందువులు. పేద ముస్లింలు కూడా కష్టం చేసుకుని బతికినవారే. ఇది మతాల లెక్క కాదు. పెత్తనం లెక్క.

అడిగే దారి ఏది?

కష్టం చెప్పుకుందామంటే సర్కారు కాగితాలన్నీ ఉర్దూలో ఉండేవి. మన భాష తెలుగు. నూటికి పది మందికి కూడా చదువు రాదు. ఆడవాళ్లలో ఇంకా తక్కువ. పది మంది కూడి సభ పెట్టుకోవాలంటే అనుమతి కావాలె. దానికి గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఉండేది.

అయినా మనవాళ్లు ఊకోలేదు. ఆంధ్ర మహాసభ పేరుతో సభలు పెట్టారు. 1935లో నాలుగవ సభ మన సిరిసిల్లలోనే జరిగింది. మాడపాటి హనుమంతరావు గారు దానికి అధ్యక్షులు. ఈ సభలతో పాటు ఆడవాళ్ల సభలు కూడా జరిగేవి. వెట్టి పోవాలె, బడులు రావాలె, ఆడపిల్లలు చదవాలె అని అడిగారు.

తర్వాత పోరాటం పెరిగింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం దొరకు ఎదురు నిలిచింది. 1946లో కడవెండిలో దొర మనుషులు కాల్చగా దొడ్డి కొమరయ్య చనిపోయాడు. షోయబుల్లా ఖాన్ అనే పత్రికా రచయిత, హైదరాబాదు భారతదేశంలో కలవాలని రాశాడు. 1948 ఆగస్టులో రజాకార్లు ఆయనను చంపారు. మనసులో మాట రాసినందుకు ప్రాణం పోయింది.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది. 17న నిజాం లొంగిపోయిండు. అంతకు ముందు రజాకార్ల చేతుల్లో ఎందరో నలిగారు. ఆ తర్వాత కొన్ని జిల్లాల్లో ఏ పాపం ఎరుగని ముస్లింలు కూడా చనిపోయారు. రెండు దుఃఖాలూ దుఃఖాలే.

రాజు పోయాడు, దొర పోయాడా?

1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1952లో మొదటి ఎన్నికలు వచ్చాయి. మగవాళ్లతో సమానంగా ఆడవాళ్లూ ఓటు వేశారు. కానీ కాగితం మీద పోయిన వెట్టి ఊళ్లలో వెంటనే పోలేదు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో రైతులు, కూలీలు సంఘాలు కట్టి అడిగిన్రు. కూలి పెంచమన్నరు. వెట్టి మానమన్నరు. గుంజుకున్న భూములు విడువమన్నరు. ఆ సంవత్సరమే సర్కారు ఈ తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. రాజు పోయిన ముప్పై ఏండ్లకు కూడా అడగవలసి వచ్చింది. అడిగితేనే మారింది.

ఇప్పటి రాజుల మాట

1971లో మన దేశంలో రాజుల బిరుదులు, భరణాలు తీసేశారు. నిజాం మనుమడు ముకర్రం జా 2023లో టర్కీలో చనిపోయారు. హైదరాబాదు మక్కా మసీదులో ఖననం చేశారు. చూడటానికి జనం వచ్చారు. ప్రేమ ఉన్నవాళ్లు ఉన్నారు. సెప్టెంబరు 17ను కొందరు విమోచన దినం అంటారు, కొందరు విలీన దినం అంటారు, కొందరు సమైక్యతా దినం అంటారు. జనం మాట నేటికీ ఒక్కటి కాలేదు.

మన ఊళ్ల నుండి ఎందరో మస్కట్ పోతారు. అక్కడ సుల్తాన్ ఖబూస్ 1970 నుండి 2020 దాకా ఏలిండు. రోడ్లు, బడులు, దవాఖానాలు కట్టించిండు. ఆయన పోతే జనం ఏడ్చారు. మరి తర్వాతి రాజును ఎట్లా ఎంచారు? ఆయన రాసిపెట్టిన చీటీ విప్పి చూశారు. ప్రజలను అడగలేదు. నేపాలులో మాత్రం ప్రజలు ఎన్నుకున్న సభ 2008లో రాచరికాన్నే తీసేసింది.

ఆలోచించండి అక్కా! మంచి రాజు వస్తే మన అదృష్టం. చెడ్డ రాజు వస్తే మన కర్మ. రెండింట్లోనూ మన చేతిలో ఏముంది? అందుకే రాజు మంచోడా, చెడ్డోడా అన్న దానికన్నా పెద్ద ప్రశ్న ఒకటి ఉంది. మనం అడగవచ్చా, లేదా?

ఇప్పుడు అడగవచ్చు. ఓటు ఉంది. గ్రామసభ ఉంది. తెలంగాణ పంచాయతీల్లో సగం స్థానాలు ఆడవాళ్లవే. బీడీలు చుట్టే చేతులు, మగ్గం పనిచేసే చేతులు దరఖాస్తు రాయగలవు. కానీ సర్పంచి ఆడమనిషి అయి, ఆమె కుర్చీలో భర్త కూర్చుంటే? మనం గ్రామసభకు పోకుంటే? అప్పుడు గడి పోయినా దొర పోనట్లే.

కొత్త మాటలు
వెట్టి – కూలి లేని బలవంతపు పని
గద్దె – రాజు కూర్చునే పీట, అధికారం
ఉత్తర్వు – సర్కారు ఆజ్ఞ
రాచరికం – రాజు ఏలుబడి

ప్రశ్నలు
1. ఉస్మాన్ అలీ ఖాన్ ఎన్ని సంవత్సరాలు ఏలాడు?
2. 1935లో సిరిసిల్లలో ఏ సభ జరిగింది?
3. షోయబుల్లా ఖాన్‌ను ఎందుకు చంపారు?

మాట్లాడుకోండి
మీ ఊళ్లో గడి ఉండేదా? అక్కడ ఎవరు ఏ పని చేసేవారు? పెద్దలను అడిగి ఐదు వాక్యాలు రాయండి.

చేయండి
వచ్చే గ్రామసభలో మీరు అడగదలచుకున్న ఒక్క ప్రశ్న రాసి, కేంద్రంలో అందరికీ చదివి వినిపించండి.