బోధకుడు విసుగుకొనినప్పుడు

చదువవలసిన భాగము: లూకా 10:38–42

క్రీ.శ. 400 ప్రాంతమున ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజు పట్టణ సంఘములో దేయోగ్రాతియాస్ అను డీకను ఉండెను. ప్రభువును తెలిసికొనగోరి క్రొత్తగా వచ్చువారికి మొదటి పాఠము చెప్పుట అతని పని. వాక్యజ్ఞానమును చక్కని మాటతీరును గలవాడని పేరుండుటచేత అనేకులను అతనియొద్దకు తీసికొనివచ్చెడివారు. అయినను అతడు లోలోపల క్రుంగియుండెను. ఎక్కడ మొదలుపెట్టవలెనో, ఎంతవరకు చెప్పవలెనో తెలియలేదు. చెప్పినదే చెప్పి చెప్పి తనకే విసుగు పుట్టుచున్నదని హిప్పో పట్టణపు బిషప్పైన అగస్టీనుకు మొరపెట్టుకొనెను. అగస్టీను జవాబుగా ఒక చిన్న గ్రంథమునే వ్రాసెను.

తన బోధ తనకును తరచుగా తృప్తినియ్యదని అగస్టీను మొదటనే ఒప్పుకొనెను. అంతటివాడు ఈ మాట చెప్పగా పల్లెసంఘములలో బోధించు మావంటివారికి ఎంతో ధైర్యము కలుగుచున్నది.

సృష్టి మొదలుకొని ఇప్పటి సంఘకాలమువరకు కథను చెప్పుమని అతని సలహా. అయితే మోషే గ్రంథములు, న్యాయాధిపతులు, రాజులు అన్నియు వల్లింపనక్కరలేదు. ఆశ్చర్యకరమైన సంగతులు కొన్ని ఏరుకొని, వాటియొద్ద నిలిచి, వినువాడు తేరిపార చూచునట్లు విప్పి చూపవలెను. తక్కినవి త్వరగా దాటవచ్చును. మనము చెప్పు అర్థము రత్నములను కూర్చిన బంగారమువంటిది. అది రత్నములను పట్టియుంచవలెనే గాని తానే పైకి కనబడి వాటి వరుసను చెరుపరాదు. దేవుడు తన్ను ఎంతగా ప్రేమించెనో వినువాడు ఎరిగి, తిరిగి దేవుని, పొరుగువానిని ప్రేమించుటకే ప్రతి కథయు చెప్పవలెను (1 తిమోతి 1:5).

పాత నిబంధనను అగస్టీను క్రీస్తు వెలుగులోనే చదివెను. యాకోబు పుట్టునప్పుడు అతని చెయ్యి ముందుగా బయటికి వచ్చెను గదా (ఆది 25:26). క్రీస్తు శిరస్సు, ఆయనకు ముందు పుట్టిన పితరులును ప్రవక్తలును ఆ చెయ్యివంటివారు, ముందు వచ్చినను చెయ్యి శిరస్సునకు లోబడినదే అని అతడు చెప్పెను. ఆ వచనము ఇందుకొరకే వ్రాయబడెనని నేను ప్రసంగవేదికమీద చెప్పను. అక్కడి సంగతి అన్నదమ్ముల పోటీ. అయినను అబ్రాహామును క్రీస్తుతో సంబంధము లేనివానిగా బోధించుటకంటె అగస్టీను త్రోవ మేలు.

ఇక విసుగు మాట. మనము రోజు చూచి చూచి లక్ష్యపెట్టని ఊరిని, పొలములను ఎన్నడును చూడని స్నేహితునికి చూపునప్పుడు అతని సంతోషము మనకును అంటుకొనును. స్నేహము ఎంత గాఢమో పాతవి అంత క్రొత్తవగును. వినువారిని అట్లు ప్రేమింపుమని అతడు డీకనుకు వ్రాసెను.

ఆ కాలమున అక్కడి సంఘములలో బోధకుడు కూర్చుండి చెప్పెడివాడు, జనులు నిలువబడి వినెడివారు. ఒకనాడు అగస్టీను బోధించుచుండగా ఒక పల్లెటూరివాడు నిలువలేక, ఎందుకు పోవుచున్నాడో సిగ్గుచేత చెప్పలేక, వెళ్లిపోయెను. అగస్టీను వానిని నిందింపలేదు. జాగ్రత్త పడవలసినది తానేనని నేర్చుకొంటినని వ్రాసెను. ఆవులించువానిని ఉల్లాసపరచు మాటతో మేల్కొలుపుము, లేదా కూర్చుండనిమ్ము. వీలైనచోట మొదటినుండి కూర్చుండి వినుటయే మేలనెను. సముద్రమునకు ఆవలనున్న కొన్ని సంఘములలో జనులకును ఆసనములు కలవని జ్ఞాపకము చేసెను. దేవదూతలు ఎవనియెదుట నిలుచుందురో ఆ ప్రభువు మాటను మరియ కూర్చుండియే వినెను గదా!

పగలంతయు నాట్లు వేసి, రాత్రి బాప్తిస్మపు పాఠమునకు వచ్చి కునుకుపాట్లు పడినవారిని నేను కసరుకొనిన దినములు కలవు. ఒక తల్లి ఆ తరువాత రెండు వారములు రాలేదు. నేనే ఆమె యింటికి వెళ్లితిని. ఇప్పుడు మొదట చాపలు పరచి, మంచినీళ్లిచ్చి, ఒక్క కథ మాత్రమే చెప్పుచున్నాను.