ఆటల వల్ల ఊరికి లాభమెంత?

2002 డిసెంబరులో హైదరాబాదులో జాతీయ క్రీడలు జరిగాయి. ఇలాంటి పోటీల వల్ల ఊరికి కలిగే లాభాన్ని కొలవడమెలా? అమ్ముడైన టిక్కెట్లన్నీ కూడితే చాలదా?

చాలదు. ఊరివాడు సినిమా మానుకొని ఆ డబ్బుతో ఆటల టిక్కెట్టు కొంటే ఊరికి కొత్తగా వచ్చిందేమీ లేదు. బయటి నుంచి వచ్చినవారు ఖర్చు చేసినదే కొత్త డబ్బు.

అదీ మొత్తం ఊళ్లో నిలవదు. ఒక అతిథి హోటల్లో 100 రూపాయలు ఇచ్చాడనుకుందాం. బియ్యానికి, నూనెకు 40 రూపాయలు పై ఊళ్లకు పోగా, 60 రూపాయలు వంటవాడికి, పాలవాడికి చేరతాయి. వారు ఖర్చు పెట్టినప్పుడూ 60 శాతమే ఊళ్లో నిలిస్తే, ఊరివారి ఆదాయం 60+36+21.60+... అవుతుంది. ఈ గుణశ్రేఢి మొత్తం 150 రూపాయలు. దీనినే గుణక ప్రభావం అంటారు. ఇందులోంచి ఏర్పాట్లకు ఊరు పెట్టిన ఖర్చు తీసివేయాలి.

ఆటలు ముగిశాక కూడా లెక్క ముగియదు. జాతీయ క్రీడలు జరిగిన గచ్చిబౌలి స్టేడియం 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలకూ పనికి వచ్చింది. ఏటా ఎందరు పిల్లలు అక్కడ పరుగెత్తారన్నదీ కొలవాలి. తాళం వేసిన మైదానం ఖర్చే గాని లాభం కాదు.

చేసి చూడండి: మీ ఊళ్లో పోటీలు జరిగినప్పుడు ఇరవైమంది ప్రేక్షకులను అడగండి. బయటి ఊరివారెందరు? ఒక్కొక్కరు ఎంత ఖర్చు చేశారు? సగటు కట్టండి.