చిన్న ఉపగ్రహాల విద్యుత్ చోదనం – శక్తి ఎక్కడ వృథా అవుతున్నది?

ఉపగ్రహం కక్ష్యలో ప్రవేశించినంత మాత్రాన దాని ప్రయాణం ముగియదు. పలుచని గాలి ఒరిపిడికి క్రిందికి జారినపుడు తిరిగి పైకి లేవాలి. పని తీరిన పిమ్మట త్రోవనుండి తొలగాలి. అందుకు కావలసిన ఇంధనాన్ని వెంట మోసుకొనిపోక తప్పదు. రసాయన ఇంధనం మండగా వెలువడే వాయువు వేగం సెకనుకు సుమారు 3 కిలోమీటర్లు. జినాన్ వాయువును విద్యుచ్ఛక్తితో అయానులుగా మార్చి వెలువరిస్తే ఆ వేగం 15 కిలోమీటర్లను దాటగలదు. కనుక మోయవలసిన ఇంధనం ఎంతో తగ్గుతుంది.

ఇది కేవలం ఊహ కాదు. ఐరోపా వారి స్మార్ట్–1 నౌక 2003లో బయలుదేరి, హాల్ తరగతి యంత్రంతో 2004 నవంబరులో చంద్రుని కక్ష్య చేరింది. ఆ యంత్రపు త్రోపు సుమారు 7 గ్రాముల బరువుతో సమానం! ఈ మాట విని తరగతిలో ఒక విద్యార్థి నవ్వినాడు. అడ్డగించే గాలి లేనిచోట నెలల తరబడి పనిచేసే స్వల్పబలం చాలునని అతనికి లెక్క వేసి చూపవలసి వచ్చింది.

హాల్ యంత్రంలో వలయాకారపు కాలువ ఒకటి ఉంటుంది. అయస్కాంత క్షేత్రం ఎలక్ట్రానులను అందులో నిలిపి త్రిప్పుతుంది. అవి జినాన్ పరమాణువులను ఢీకొని అయానులుగా మారుస్తాయి. విద్యుత్ క్షేత్రం ఆ అయానులను వెలుపలికి విసురుతుంది. కాలువ గోడలను తాకిన కణాల శక్తి మాత్రం వేడిగా మారి నశిస్తుంది.

చిన్న యంత్రానికి చిక్కు ఇక్కడే వచ్చింది. కాలువ కొలతలన్నీ సగం చేస్తే ఘనపరిమాణం 8వ వంతు అవుతుంది గాని, గోడల వైశాల్యం 4వ వంతు వరకే తగ్గుతుంది. అనగా ఉన్న ప్లాస్మాకు గోడలు రెట్టింపు. పెద్ద యంత్రాలలో విద్యుత్తులో సగమో, అంతకు మించియో త్రోపుగా మారుతుండగా, చిన్నవాటిలో ఆ భాగం తరచు మూడవ వంతుకు పడిపోతున్నది.

వోల్టేజి పెంచితే సరిపోదా అని కొందరు అడుగుతారు. వోల్టేజి పెంచితే అయానుల వేగం పెరుగుతుంది, ఇంధనం ఆదా అవుతుంది. కాని అదే విద్యుత్తుకు త్రోపు తగ్గుతుంది. వేగం వేరు, దక్షత వేరు.

సరియైన మార్గం గోడలను కాపాడటమే. అమెరికా శాస్త్రజ్ఞులు 2010 తర్వాతి సంవత్సరాలలో అయస్కాంత రేఖలు గోడలను ఖండించక, వాటి వెంట సమాంతరంగా సాగేటట్లు అమర్చి చూచినారు. వేడి ఎలక్ట్రానులు గోడ చేరలేదు. అరుగుదల ఎన్నో రెట్లు తగ్గింది. అయితే చిన్న యంత్రపు నడుమనున్న సన్నని ఇనుప స్తంభం అంత అయస్కాంత బలాన్ని భరించలేక త్వరలోనే సంతృప్తమవుతుంది, పైగా వేడెక్కుతుంది. నేటి శ్రమ అంతా ఈ స్తంభం చుట్టూనే తిరుగుతున్నదంటే అతిశయోక్తి కాదు.

ఇంత శ్రమ ఎందుకంటారా? 100 వాట్ల విద్యుత్తు, 15 కిలోమీటర్ల వేగం తీసుకొనండి. దక్షత 30 శాతమైతే త్రోపు 4 మిల్లీన్యూటనులు. 50 శాతమైతే 6.7. కక్ష్యను పెంచుకొనడానికి మొదటి యంత్రానికి 10 నెలలు పడితే, రెండవదానికి 6 నెలలు చాలు.